ఎవరు ఎవరికి బాకీ

హైదరాబాదు నాంపల్లిలో గోల్డెన్ థ్రెషోల్డ్ అనే పాత ఇల్లు ఉంది. అది సరోజినీ నాయుడు ఇల్లు. 1905లో లండన్‌లో అచ్చయిన ఆమె మొదటి కవితా సంపుటి పేరే ఆ ఇంటి పేరు. 1974లో పార్లమెంటు చట్టంతో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు దానికి సొంత గోడలు లేవు. గచ్చిబౌలి బండరాళ్ల మధ్య భవనాలు లేచేదాకా ఆ విశ్వవిద్యాలయానికి తలదాచుకునే చోటు ఈ కవయిత్రి ఇల్లే అయింది. వైస్ ఛాన్సలర్ కుర్చీ అక్కడే, ఆఫీసు కాగితాలూ అక్కడే.

చదువుకుని సంపాదించిన డిగ్రీ అంటూ సరోజినికి ఏ విశ్వవిద్యాలయం నుంచీ రాలేదు. ఆమె కేంబ్రిడ్జిలో చదివింది. పూర్తిగా చదివి పరీక్షలన్నీ గట్టెక్కినా ఆ రోజుల్లో కేంబ్రిడ్జి ఆమెకు పట్టా ఇచ్చేది కాదు. ఆడవాళ్లకు పట్టా ఇవ్వడం అక్కడి నియమాల్లోనే లేదు. అలా పట్టాకు నోచుకోని మనిషి ఇల్లు తర్వాత ఎన్నో వేల పట్టాలిచ్చే సంస్థకు మొదటి గూడు అయింది. రాసే ఆడవాళ్లకూ విశ్వవిద్యాలయాలకూ మధ్య ఉన్న లెక్కను నేను చాలాకాలంగా ఈ ఇంటి దగ్గర మొదలుపెట్టే చూసుకుంటున్నాను. ఎవరు ఎవరికి ఏమిచ్చారు, ఎవరు ఎవరికి ఇంకా బాకీ ఉన్నారు అన్నదే నన్ను వదలని ప్రశ్న.

సరోజిని 1879లో హైదరాబాదులో పుట్టింది. తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ ఎడింబరో విశ్వవిద్యాలయంలో డాక్టరేటు తెచ్చుకుని, నిజాం రాజ్యంలో కొత్త చదువులకు పునాది వేసినవారిలో ఒకరు. నిజాం కాలేజీ మాట వచ్చినప్పుడల్లా ఆయన పేరు వస్తుంది. తల్లి వరదసుందరి బెంగాలీలో పాటలు కట్టేది. ఆ ఇంట్లో తండ్రి డాక్టరేటు లోకానికి తెలిసింది, తల్లి పాటలు ఇల్లు దాటలేదు. కూతురు గణితంలోనో విజ్ఞానంలోనో గొప్పది కావాలని తండ్రి ఆశపడ్డారు. పదకొండేళ్ల వయసులో ఒక ఆల్జీబ్రా లెక్క తేలక కూర్చున్నప్పుడు లెక్కకు బదులు కవిత వచ్చిందని ఆమే తర్వాత చెప్పుకుంది. పన్నెండేళ్లకు మద్రాసు విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్‌లో ప్రెసిడెన్సీ మొత్తానికీ మొదటిగా వచ్చింది. 1895లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ స్కాలర్‌షిప్ ఇస్తే ఇంగ్లండుకు ఓడెక్కింది. మొదట లండన్ కింగ్స్ కాలేజీ, తర్వాత కేంబ్రిడ్జిలోని గర్టన్.

గర్టన్ కథ తెలిస్తేగానీ ఆమె ఏ గడపలో అడుగుపెట్టిందో అర్థం కాదు. 1869లో ఎమిలీ డేవిస్ ఆధ్వర్యంలో, కేంబ్రిడ్జికి దూరంగా హిచిన్ అనే ఊళ్లో, అయిదుగురు విద్యార్థినులతో ఆ కాలేజీ మొదలైంది. 1873లో గర్టన్ గ్రామానికి మారింది. అప్పటికీ ఊరికి రెండు మైళ్ల ఎడం. అమ్మాయిలు మగ విద్యార్థులకు దగ్గరగా ఉండకూడదన్న జాగ్రత్తే ఆ దూరానికి కారణం. 1871లో మొదలైన రెండో మహిళా కాలేజీ న్యూనమ్ ఊరికి కాస్త దగ్గర. ఈ రెండు కాలేజీల అమ్మాయిలు ఆచార్యుల అనుమతితో ఉపన్యాసాలు వినవచ్చు, పరీక్షలు రాయవచ్చు. మగవాళ్లకంటే ఎక్కువ మార్కులు తెచ్చుకోవచ్చు కూడా. విశ్వవిద్యాలయ సభ్యత్వం మాత్రం లేదు, డిగ్రీ లేదు, ఓటు లేదు.

సరోజిని ఇంగ్లండులో ఉన్న రోజుల్లోనే, 1897 మే నెలలో, ఆడవాళ్లకు డిగ్రీలివ్వాలా వద్దా అని కేంబ్రిడ్జి ఓటింగు పెట్టింది. ఓటు వేయడానికి పాత విద్యార్థులు రైళ్లెక్కి వచ్చారు. ఓటింగు జరిగే సెనేట్ హౌస్ ఎదుట సైకిల్ తొక్కుతున్న ఒక అమ్మాయి బొమ్మను కిటికీలోంచి వేలాడదీశారు. 661 మంది ఇవ్వాలన్నారు, 1,707 మంది వద్దన్నారు. గెలిచిన కుర్రాళ్లు ఆ బొమ్మను ముక్కలు చేసి న్యూనమ్ గేటు దాకా తీసుకెళ్లి లోపలికి కుక్కారు. 1921లో మళ్లీ అదే ప్రశ్న వచ్చింది, మళ్లీ అదే జవాబు. ఈసారి తోపుడుబండితో న్యూనమ్ కంచు గేట్లనే గుద్ది పాడుచేశారు. ఆ తర్వాత పేరుకు మాత్రం డిగ్రీ ఇస్తామన్నారు, సభ్యత్వం ఇవ్వమన్నారు. ఆడవాళ్లను కేంబ్రిడ్జి పూర్తి సభ్యులుగా ఒప్పుకున్నది 1948లో.

ఆ వాతావరణంలో హైదరాబాదు నుంచి వెళ్లిన పదహారు పదిహేడేళ్ల పిల్ల ఏం తీసుకుని వచ్చింది? ఆరోగ్యం దెబ్బతిని 1898లో తిరిగి వచ్చేసింది. చేతిలో కాగితం లేదు. కానీ లండన్‌లో ఎడ్మండ్ గాస్ అనే విమర్శకుడు ఆమె కవితలు చదివి, ఇంగ్లిషు పూలనూ పక్షులనూ వదిలి సొంత దేశపు మనుషుల్నీ రుతువుల్నీ రాయమని చెప్పాడు. ఆమె ఆ మాట విన్నది. పల్లకీ బోయీలు, గాజులమ్మేవాళ్లు, నేతగాళ్లు, హైదరాబాదు బజార్లు ఆమె కవిత్వంలోకి నడిచివచ్చాయి. విశ్వవిద్యాలయం ఇవ్వనిది లండన్ స్నేహాలు ఇచ్చాయి. తిరిగి వచ్చిన ఏడాదే మద్రాసులో గోవిందరాజులు నాయుడుతో పెళ్లి. కులమూ భాషా దాటిన ఆ పెళ్లిని దగ్గరుండి జరిపించింది మన కందుకూరి వీరేశలింగం.

సరోజినికంటే పాతికేళ్ల ముందు కేంబ్రిడ్జికి వెళ్లిన బెంగాలీ అమ్మాయి ఒకరున్నారు, తోరూ దత్. 1871 నుంచి 1873 దాకా కుటుంబంతో కేంబ్రిడ్జిలో ఉండి, ఆడవాళ్ల కోసం పెట్టిన ఉపన్యాసాలకు అక్క అరూతో కలిసి వెళ్లేది. అప్పటికి న్యూనమ్ పుట్టి ఏడాది కూడా సరిగా కాలేదు. కలకత్తాకు తిరిగొచ్చాక అరూ చనిపోయింది. 1876లో తోరూ ఫ్రెంచి కవితల అనువాదాలు అచ్చువేసింది. మరుసటి ఏడు ఇరవై ఒక్కేళ్లకు తానూ పోయింది. ఆమె ఫ్రెంచిలో రాసిన నవల ఆమె పోయాకే బయటికి వచ్చింది. ఉపన్యాసాలు వినడానికి ఆ కాస్త సందు దొరికితేనే ఇంత రాసిందంటే, తలుపు బార్లా తెరిచి ఉంటే ఎంతమంది రాసేవారో అనిపిస్తుంది.

సరోజిని కింగ్స్ కాలేజీ విడిచిన కొద్దికాలానికే, 1897లో, అదే కాలేజీ మహిళా విభాగంలో గ్రీకు, చరిత్ర నేర్చుకోవడానికి మరో అమ్మాయి చేరింది. ఆమె వర్జీనియా స్టీఫెన్, పెళ్లయ్యాక వర్జీనియా వుల్ఫ్. ఆమె తండ్రి లెస్లీ స్టీఫెన్ ఒకప్పుడు కేంబ్రిడ్జి ఫెలో. అన్న తోబీ, తమ్ముడు ఏడ్రియన్ ఇద్దరూ కేంబ్రిడ్జి ట్రినిటీ కాలేజీకి వెళ్లారు. వర్జీనియాను, ఆమె అక్క వెనెసాను పంపలేదు. ఆమె చదువు చాలావరకు తండ్రి పుస్తకాల అలమారల ముందు సాగింది. సెలవులకు వచ్చిన అన్న మాటల్లో గ్రీకు నాటకాలు, స్నేహితులు, రాత్రంతా సాగే చర్చలు వినేది. ఆ లోటు ఆమెను జీవితాంతం సలిపింది.

అదే వర్జీనియా వుల్ఫ్ 1928 అక్టోబరులో రచయిత్రిగా పేరొందాక న్యూనమ్‌లో ఒకసారి, గర్టన్‌లో ఒకసారి విద్యార్థినుల ముందు మాట్లాడింది. ఆ ప్రసంగాలే పెరిగి మరుసటి ఏడు ‘ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్’ పుస్తకమయ్యాయి. కథ రాయాలంటే ఆడదానికి సొంత సంపాదన, తలుపు గడియ వేసుకోగల సొంత గది ఉండాలన్నది అందులో ఆమె వాదన. ఏడాదికి అయిదు వందల పౌన్లని లెక్క కూడా చెప్పింది. ఆ పుస్తకంలో కథ చెప్పే స్త్రీ మగవాళ్ల కాలేజీ పచ్చికమీద నడిస్తే బంట్రోతు పరుగెత్తుకొచ్చి గులకరాళ్ల బాటమీదికి తరుముతాడు. లైబ్రరీ గుమ్మంలోకి వెళితే, ఫెలో ఎవరైనా వెంట రావాలి, లేకపోతే సిఫారసు ఉత్తరం తేవాలి అంటారు. మగవాళ్ల కాలేజీలో మధ్యాహ్నం చేపలు, పక్షిమాంసం, ద్రాక్షసారా. ఆడవాళ్ల కాలేజీలో రాత్రికి పలచటి సూపు, గొడ్డుమాంసం, ఎండు పళ్లు, మంచినీళ్లు.

ఆ రెండు భోజనాల మధ్య తేడా ఎక్కడినుంచి వచ్చిందని ఆమె తవ్వుకుంటూ వెళ్లింది. మగవాళ్ల కాలేజీల పునాదుల్లో రాజులూ ప్రభువులూ, తర్వాత వ్యాపారులూ శతాబ్దాలపాటు పోసిన బంగారం ఉంది. ఆడవాళ్ల కాలేజీకి మాత్రం ఉత్తరాలు రాసి, సభలు పెట్టి, చందాలు వసూలు చేయాల్సి వచ్చింది. మన అమ్మమ్మలు డబ్బు ఎందుకు కూడబెట్టలేదు అంటే, పది పన్నెండుమంది పిల్లల్ని కంటూ కూడబెట్టేదెప్పుడు? పైగా 1880ల దాకా పెళ్లయిన ఇంగ్లిషు స్త్రీ ఆస్తి చట్టం ప్రకారం చాలావరకు భర్తదే. సాహిత్యం గురించి మాట్లాడమని పిలిస్తే ఆమె డబ్బు గురించి మాట్లాడింది. ఆ ధైర్యం నాకు చాలా ఇష్టం. ప్రతిభ గాలిలో పుట్టదు, ఎవరో వండిపెట్టిన అన్నం మీద, ఎవరో కట్టిన అద్దె మీద పుడుతుందని అంత సూటిగా చెప్పినవాళ్లు ఆమెకు ముందు తక్కువ.

ఆ పుస్తకాన్ని నేను మొదటిసారి చదివింది పీజీ హాస్టల్లో. చీకటి పడగానే మా గేటుకు తాళం పడేది. లైబ్రరీలో చదువుకునే గది మాత్రం ఆ తర్వాత కూడా చాలాసేపు తెరిచి ఉండేది. మా క్లాసు అబ్బాయిలు అక్కడ కూర్చుని చదువుకునేవారు, టీకి బయటికి వెళ్లేవారు, దారిపొడుగునా వాదించుకునేవారు. పొద్దున్నే క్లాసులో ఆ వాదనల కొసలు మా చెవిన పడేవి. పుస్తకం మాకూ దొరికేది, ఆ పుస్తకం చుట్టూ జరిగే మాట మాత్రం మాకు దొరికేది కాదు. సిఫారసు ఉత్తరం లేదని వుల్ఫ్ వెనక్కి తిరిగిన పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. లైబ్రరీ కార్డు నా పర్సులోనే ఉంది. తలుపూ తెరిచే ఉంది. దారి మాత్రం లేదు. అది ఎవరి పొరపాటో అప్పుడు తెలియక, మాకే చదువు మీద శ్రద్ధ తక్కువేమో అనుకునేవాళ్లం. ఆ అనుమానం కలిగించడమే అలాంటి తాళాలు చేసే పెద్ద చెరుపు.

ఈ విషయం మాట్లాడినప్పుడల్లా ఎవరో ఒకరు అంటారు, “కాలేజీలు లేకపోయినా రాసినవాళ్లు రాశారు కదమ్మా” అని. నిజమే. మన భండారు అచ్చమాంబనే చూడండి. 1874లో పుట్టింది. బడి ముఖం చూడలేదు. చిన్ననాడే పెళ్లయింది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు ఆమె ఇంట్లో ఉండి నాగపూరులో పెద్ద చదువులు చదివాడు. ఆ తమ్ముడు చెప్పగా అక్క చదువుకుంది. తెలుగు, హిందీ, మరాఠీ, బెంగాలీ, గుజరాతీ నేర్చింది. 1902లో ‘ధనత్రయోదశి’ కథ రాసింది. మొదటి తెలుగు కథ ఏదన్న లెక్కలో 1910 నాటి ‘దిద్దుబాటు’ పేరే చాలాకాలం నిలిచింది. ఎనిమిదేళ్ల ముందున్న అచ్చమాంబ పేరు తర్వాతగానీ ముందుకు రాలేదు. మచిలీపట్నంలో స్త్రీల సమాజం పెట్టించింది. దేశమంతా తిరిగి స్త్రీల సభల్లో మాట్లాడింది. 1905లో ముప్ఫయ్యో ఏట చనిపోయింది.

అచ్చమాంబ చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’. ఈ దేశంలో చదువుకున్న, పాలించిన, పోరాడిన, రాసిన స్త్రీల జీవితాలను వెతికి వెతికి ఒక చోట కూర్చిన పుస్తకం అది. స్త్రీలకు చరిత్ర లేదన్నవాళ్లకు ఆమె పేర్లతో జవాబు చెప్పింది. కేంబ్రిడ్జిలో వుల్ఫ్ మాట్లాడడానికి పాతికేళ్ల ముందే ఆ పని ఒక తెలుగు స్త్రీ ఇంట్లో కూర్చుని, దీపం వెలుగులో చేసింది.

కానీ అచ్చమాంబను చూపించి కాలేజీలు అక్కర్లేదనడం అన్యాయం. ఆమెకు అలాంటి తమ్ముడు ఉన్నాడు. చదువు చెప్పే తమ్ముడు దొరకని ఆడపిల్లలు లక్షలమంది. వాళ్లు ఏం రాసేవారో మనకు ఎప్పటికీ తెలియదు. ఏటికి ఎదురీది ఒడ్డు చేరినవాళ్లనే లెక్కపెట్టి, ఏరు మంచిదే అనకూడదు. మూసిన తలుపు మనిషిని గట్టిపరుస్తుందన్న మాటలో నాకు నమ్మకం లేదు. మూసిన తలుపు చాలామందిని ముగించేస్తుంది. మిగిలిన ఒకరిద్దరి బలం వాళ్లది, తలుపుది కాదు.

చదువుకు అయ్యే ఖర్చు ఎవరు పెట్టారన్నది కూడా ఈ లెక్కలోనే రాసుకోవాలి. వుల్ఫ్ పుస్తకంలో కథ చెప్పే స్త్రీకి ఏడాదికి అయిదు వందల పౌన్లు రాసిచ్చిన మేనత్త బొంబాయిలో గుర్రం మీదినుంచి పడి చనిపోయినట్టు ఉంటుంది. లండన్‌లో ఒక రచయిత్రి గది అద్దె వెనక బొంబాయి ఉంది, అంటే మన దేశం ఉంది. అలాగే సరోజిని స్కాలర్‌షిప్ నిజాం ఖజానాది. ఆ ఖజానా నిండింది ప్రధానంగా భూమిశిస్తుతో. ఆ శిస్తు కట్టింది తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ సీమల రైతులు. ఒక అమ్మాయి గర్టన్‌లో కూర్చుని కీట్సును చదువుకోవడానికి ఎక్కడో పాలకుర్తి పక్క పల్లెలో ఒక రైతు పంట కొలిచి ఇచ్చాడు. ఆ రైతు భార్య వరినాట్లు వేసింది, పాటలు పాడింది, అక్షరం నేర్వలేదు. చదువుకున్న ప్రతి ఆడదీ ఈ స్త్రీకి బాకీ. నేనూ బాకీయే, నా చదువూ ప్రజల డబ్బుతోనే సాగింది.

ఈ బాకీ తీర్చినవాళ్లు మన దగ్గర ఉన్నారు. వుల్ఫ్ తన పుస్తకంలో న్యూనమ్, గర్టన్ అమ్మాయిలను ఒక కోరిక కోరింది. పాతకాలపు సామాన్య స్త్రీ ఎలా బతికింది, ఏ వయసులో పెళ్లాడింది, ఎంతమందిని కన్నది, ఆమెకు ఒక గది ఉండేదా అని మీరెవరైనా పరిశోధించి రాయండని. ఆమె మాటలు విన్న అమ్మాయిల్లో మ్యురియల్ బ్రాడ్‌బ్రుక్ ఒకరు. ఆమె షేక్‌స్పియర్ మీద పెద్ద పండితురాలై, 1965లో కేంబ్రిడ్జి ఇంగ్లిషు విభాగంలో మొదటి మహిళా ప్రొఫెసర్ అయింది, తర్వాత గర్టన్ కాలేజీకే అధ్యక్షురాలైంది. వుల్ఫ్ కోరిక మాత్రం ఆ కాలేజీల దగ్గర ఆగలేదు. అలాంటి పనే హైదరాబాదులో మన స్త్రీలు చేశారు.

స్త్రీశక్తి సంఘటన అనే బృందం తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి వెళ్లి కూర్చుంది. వాళ్లు చెప్పింది చెప్పినట్టుగా రికార్డు చేసి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అని వెలువరించింది. చదువుకున్నవాళ్లు చదువు లేనివాళ్ల ముందు విద్యార్థుల్లా కూర్చున్న పుస్తకం అది. విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి తన పంటను తాను ఇంటికి చేర్చుకున్న పాలకుర్తి చాకలి ఐలమ్మ గొంతు అందులో ఉంది. ఆ బృందంలో పనిచేసిన సూసీ తారు, కె. లలిత కలిసి ‘విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా’ అనే రెండు పెద్ద సంపుటాలకు సంపాదకులయ్యారు. 1991లో ఒకటి, 1993లో రెండోది. బౌద్ధ భిక్షుణుల పాటల నుంచి మన కాలం దాకా పది పైచిలుకు భాషల స్త్రీల రచనలు. అచ్చమాంబ కూడా అందులో చేరింది.

ఆ మొదటి సంపుటానికి రాసిన ముందుమాటలో ముద్దుపళని కథ ఉంటుంది. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి కొలువులో ఆమె ‘రాధికా సాంత్వనము’ రాసింది. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ దాన్ని పరిష్కరించి మళ్లీ అచ్చువేయించింది. పెద్దలు అది నీతిబాహ్యమన్నారు. అన్నవారిలో వీరేశలింగంగారూ ఉన్నారు. సరోజిని కులాంతర వివాహం జరిపించిన ఆ చేయే, ఒక స్త్రీ తన కోరికను తాను రాసుకుంటే ఓర్చుకోలేకపోయింది. మరుసటి ఏడు ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. ఆ నిషేధాన్ని ఎత్తివేయించడానికి 1947లో టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రిగా ఉన్నప్పటిదాకా ఆగాల్సి వచ్చింది. విశ్వవిద్యాలయాల్లోకి స్త్రీలు వచ్చి, పాత కాగితాల దుమ్ము దులిపాకే ముద్దుపళని, నాగరత్నమ్మ ఇద్దరూ మన సాహిత్య చరిత్రలో తమ చోటికి తాము రాగలిగారు. చదువుకున్న మనవరాళ్లు వస్తేగానీ అవ్వల పేర్లు దొరకలేదు.

తెలుగు శాఖల్లోనూ ఈ మార్పు జరిగింది. నాయని కృష్ణకుమారి ఉస్మానియాలో తెలుగు చెప్పారు, కవిత్వం రాశారు, తెలుగు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ కూడా అయ్యారు. ఆమె తన పరిశోధనకు ఎంచుకున్నది జానపద గేయగాథలను. రోటి దగ్గరా తిరగలి దగ్గరా పొలం గట్ల మీదా ఆడవాళ్లు తరతరాలుగా పాడుకున్న పాటలు సిద్ధాంత వ్యాసంలోకి నడిచాయి. పాడినవాళ్లలో ఎక్కువమందికి సంతకం రాదు. వాళ్ల తరఫున ఒక స్త్రీ వాళ్ల పాటను ఆచార్యుల ముందు నిలబెట్టి, ఇదీ సాహిత్యమేనని ఒప్పించింది. కవులను చదివే చోట అవ్వలనూ చదవవచ్చని చూపించింది.

అబ్బూరి ఛాయాదేవి దారి వేరు. నిజాం కాలేజీలో ఎంఏ చేసి, ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం లైబ్రరీలో పనిచేశారు. పుస్తకాలు ఇచ్చే వరుసలో నిలబడి ఆమె తన కథలు తాను రాసుకున్నారు. ‘బోన్‌సాయ్ బ్రతుకు’లో చదువుకున్న చెల్లెలూ చదువు ఆగిపోయిన అక్కా ఒక కుండీ చెట్టు ముందు నిలబడతారు. ఆ కథ పాఠ్యపుస్తకాల్లోకీ వెళ్లింది. 2005లో సాహిత్య అకాడమీ అవార్డు ఆమెను వరించింది. వుల్ఫ్‌ను గుమ్మంలో ఆపిన లైబ్రరీ ఒకటైతే, రచయిత్రి చేతికే తాళాలిచ్చిన లైబ్రరీ మరొకటి. ఆ రెంటికీ మధ్య దూరం అరవై డెబ్బై ఏళ్లు కూడా కాదు.

అలాగని డిగ్రీ రచయిత్రిని చేస్తుందని నేను అనను. వుల్ఫ్‌కు ఆ తేడా బాగా తెలుసు. ఒకప్పుడు తన తండ్రి ఇచ్చిన క్లార్క్ ఉపన్యాసాలనే ఇవ్వమని కేంబ్రిడ్జి 1932లో ఆమెను పిలిచింది. ఆమె సంతోషించింది కానీ ఒప్పుకోలేదు. మరుసటి ఏడు మాంచెస్టర్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇస్తామంటే వద్దంది. లోపలికి రానివ్వని కాలంలో గుమ్మం బయట నిలబడి రాసిన మనిషి, వాళ్లు ఆహ్వానించినప్పుడు తన చోటు తాను ఎంచుకుంది. ఆమె పుస్తకం చేతిరాత ప్రతిని ఇప్పుడు కేంబ్రిడ్జిలోని ఫిట్జ్‌విలియమ్ మ్యూజియం భద్రపరుస్తోంది. ఆమెను విద్యార్థిగా తీసుకోని ఊరు ఆమె కాగితాలను అపురూపంగా దాచుకుంటోంది.

సరోజిని విషయంలో కాలం ఇంకా స్పష్టంగా జవాబు చెప్పింది. 1947 ఆగస్టు 15న ఆమె యునైటెడ్ ప్రావిన్సెస్‌కు గవర్నరైంది. ఈ దేశంలో మొదటి మహిళా గవర్నర్. గవర్నర్ హోదాలో లక్నో విశ్వవిద్యాలయానికి ఛాన్సలర్ కూడా ఆమే. ఆడవాళ్లకు సభ్యత్వం ఇవ్వాలని కేంబ్రిడ్జి తేల్చుకునే నాటికి, అక్కడినుంచి ఉత్తచేతులతో వచ్చిన విద్యార్థిని ఇక్కడ ఒక విశ్వవిద్యాలయానికి పెద్దదిక్కుగా ఉంది. 1949 మార్చిలో లక్నోలోనే ఆమె కన్నుమూసింది. ఇంకో పాతికేళ్లకు నాంపల్లిలో ఆమె ఇంట్లో విశ్వవిద్యాలయం పుట్టింది. ఇప్పుడు ఆ విశ్వవిద్యాలయంలో కళలకూ సమాచార రంగానికీ ఉన్న విభాగం ఆమె పేరుతోనే ఉంది. కోఠీలో ఒకనాటి బ్రిటిష్ రెసిడెన్సీలో నడిచిన మహిళా కళాశాల కూడా విశ్వవిద్యాలయమై, 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టుకుంది. బడికి వెళ్లని ఐలమ్మ పేరు మీద ఇక అమ్మాయిలకు పట్టాలు వస్తాయి.

అందుకే నా లెక్క ఇలా తేలింది. రాసే స్త్రీ విశ్వవిద్యాలయానికి పడిన బాకీ కంటే, విశ్వవిద్యాలయం ఆమెకు పడిన బాకీ పెద్దది. ఆమెకు అది ఇవ్వగలిగింది ఒక లైబ్రరీ, కొన్ని స్నేహాలు, రెండు మూడేళ్ల తీరిక. అదీ శతాబ్దాలు ఆలస్యంగా ఇచ్చింది. ఆమె దానికి ఇచ్చింది ఇల్లు, పేరు, పోయిన చరిత్ర, అంతవరకూ ఎవరూ అడగని ప్రశ్నలు.

ఆ బాకీ తీర్చే పని ఇవాళ మనదీ. 2015లో ఢిల్లీలో అమ్మాయిలు హాస్టల్ వేళల మీద ‘పింజ్రా తోడ్’ అని ఉద్యమం మొదలుపెట్టినప్పుడు చాలామంది పెద్దలు అది అల్లరి అన్నారు. వాళ్లు అడిగింది రాత్రిపూట లైబ్రరీకి వెళ్లే హక్కును. మన కాలేజీల్లో ఈ తాళాలు ఇంకా ఉన్నాయి. అమ్మాయిల భద్రత అనే మాటకు అర్థం వాళ్లను లోపల పెట్టడం కాకూడదు. దారిలో దీపాలు, కాపలా, బస్సు పెట్టడం కావాలి. విశ్వవిద్యాలయాలు నడిపేవారికి నా విన్నపం ఇదే: లైబ్రరీ ఎంతవరకు తెరిచి ఉంటే అమ్మాయిల హాస్టల్ గేటూ అంతవరకు తెరిచి ఉంచండి. తల్లిదండ్రులకు ఒక మాట: పరిశోధన మధ్యలో ఉన్న పిల్లకు సంబంధం వచ్చిందని థీసిస్ ఆపించకండి. ఇంట్లో ఒక బల్ల, ఒక దీపం, ఎవరూ పిలవని రెండు గంటలు ఆమెకు ఇవ్వండి. చదువుకుంటున్న అమ్మాయిలకు ఒక మాట: మీ ఇంట్లో సంతకం రాని అవ్వ ఉంటే, ఆమె పాడే పాటనూ చెప్పే కథనూ ఈ సెలవుల్లోనే రాసుకోండి. మీ చదువుకు ఆమె తన వంతు ఎప్పుడో కట్టేసింది. ఇక కట్టాల్సింది మనమే.